పరికరం పేరు

కోట జంక్షను బ్యాంకులో
మూడో కౌంటరు దగ్గర నా ఫారం ఆగిపోయింది.
'పరికరం పేరు' అన్నచోట
'టాబ్లెట్ ఒకటి, దాని కలం ఒకటి' అని రాసేను.
ఆఫీసరుగారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"రోజుకెన్ని పూటలు వేసుకోవాలమ్మా?" అన్నారు.
వెనక క్యూలో ఎవరో నవ్వేరు.
నేనూ నవ్వేను. అప్పడిగేవాళ్లు ముందు నవ్వాలి.

"కుట్టుమిషనుకిస్తాం. వెల్డింగు సెట్టుకిస్తాం.
పిండి గ్రైండరుకీ ఇస్తాం.
ఇది మా బుడ్డోడు అన్నం తినడానికి
ముందర పెట్టే వస్తువు కదా?"

అవును సార్, అదే.
దాని మీదే పోయినేడు
పలాస జీడిపప్పు పొట్లానికి అక్షరాలు రాసేను.
'పప్పు' కింద ఒత్తు జీడిపలుకులా వంగేదాకా
పదిహేడుసార్లు చెరిపేను.
దాని మీదే బొబ్బిలి పెళ్లికార్డులు,
గజపతినగరం టిఫిను బండి బోర్డు,
ఉద్దానం తోటల్లో దారి తప్పిన ఎలుగు
ముప్పైరెండు పేజీల పొడుగునా.
ఇవేవీ ఆయనకి చెప్పలేదు.
చెబితే బతిమాలినట్టుంటుంది.

నిజానికి నాకూ అనుమానాలున్నాయి.
గాజు చేతిని పట్టుకోదు.
గోడైతే కుంచెని కాస్త వెనక్కి లాగుతుంది,
ఆ లాగుడులోనే గీతకి నడుం వస్తుంది.
ఈ మాట దాలినాయుడు బాబాయిది.
సాలూరు లారీ షెడ్లలో నలభయ్యేళ్లు
డీజిలు టాంకుల మీద తామరపూలు పూయించినాయన.
నా పలక ఓసారి ఒళ్లో పెట్టుకుని
'ళ' రాసేడు. జారిపోయింది.
ఇంకోటి రాసేడు.
"ఏటే ఇది, సబ్బు మీద రాసినట్టున్నాది" అన్నాడు.
రెండు వేళ్లతో తట్టి చెరపడం చూపించేను.
చాలాసేపు మాటాడలేదు.
"మరి తప్పు ఎక్కడికెల్లిపోనాదే?" అని అడిగేడు.

నాకిప్పటికీ జవాబు తెలీదు.

ఇంకా ఉన్నాయి.
తెర మీద మామిడాకు పచ్చ
శ్రీకాకుళం ఫ్లెక్సీలో ఉడికిన గోంగూరైపోతుంది.
ప్రెస్సువాళ్లు అడిగే ఫైలు దీని కడుపున పుట్టదు,
గంటస్తంభం పక్క నెట్టుషాపు కుర్రాడికి
ఇరవై రూపాయలిచ్చి పుట్టించుకోవాలి.
వేసవిలో కరెంటు పోతే
పదకొండు శాతం దగ్గర ఊపిరి బిగబట్టి
ఒక చెవి లేని ఎలుగుని వదిలేసి పడుకోవాలి.

మరెందుకు ఇదే అంటే,
అద్దెగది ఎనిమిదడుగులు.
రంగుడబ్బాలు లోపల పెడితే నేను బయట పడుకోవాలి.
ఇది దిండు కింద పడుతుంది,
పార్వతీపురం పాసింజరులో మోకాలి మీద పడుతుంది,
టర్పెంటైను కంపు లేదు గనక
ఇంటిగలామె ఇంకా అద్దె పెంచలేదు.
నడిమివేలి పక్కన కాయ మాత్రం
బాబాయికున్న చోటే నాకూ కాసింది.
ఇప్పుడది పగిలింది.
పగులు దాటే ప్రతి గీతా ఒక మెట్టు దిగుతుంది.

"సరేగానీ, ఆదివారం మా పాప పుట్టినరోజు" అన్నారు ఆఫీసరుగారు.
"ఫొటోకి రెక్కలవీ పెట్టి ఓ బొమ్మ చేసిపెడుదూ,
అయిదు నిమిషాల పని."
"ఆరొందలవుతుంది సార్. రెండ్రోజులు పడుతుంది."
అనేసేక నాకే భయమేసింది.
ఆయన నన్ను చూసేరు, ఫారాన్ని చూసేరు,
నా రాత మీద అడ్డగీత కొట్టి
పైన 'కుట్టుమిషను' అని రాసి స్టాంపు వేసేరు.
"జాబితాలో దీనికి పేరు లేదమ్మా, నేనేం చేసేది."

సాయంత్రం చెప్తే బాబాయి పొట్ట పట్టుకుని నవ్వేడు.
పిన్ని నవ్వలేదు.
"తనికీకొస్తే ఏటి సూపిస్తావు?
మా మిసను అట్టుకెల్లు" అంది.

ఆటోలో వేసుకొచ్చేను.
సూదిలో దారం అలాగే ఉంది, ఎర్రది.
బల్ల మీద పగిలిన పలక పెట్టి కూచుంటే
ఎత్తు సరిగ్గా సరిపోయింది.
ఎలుగుకి రెండో చెవి గీస్తున్నాను.
కాలు ఊరుకోక
కింద తొక్కుతూనే ఉంది.